పశ్చిమ మెక్సికో ఆదిమజాతులు - స్పెయిన్ విజయమునకు పూర్వోత్తరములు

1492లో కొలంబసు మన దేశమునకు సముద్రమార్గము వెదకుచు పడమటికి బయలుదేరి, నడుమ తగిలిన దీవులనే ఇండియా అని భ్రమించెను. అచటి జనులను 'ఇండియను'లని పిలిచెను. ఆ భ్రమ కొలదికాలములోనే తొలగినది గాని ఆ పేరు తొలగలేదు. వేరువేరు భాషలు మాటలాడుచు, ఒకరినొకరు ఎరుగని వందలకొలది జాతులు తామెన్నడును వినని మన దేశపు పేరును శతాబ్దముల పర్యంతము మోయవలసివచ్చినది. ఇట్టి అనుభవము తెలుగువారికిని కొంత కలదు. పోర్చుగీసువారి 'జెంతియో' శబ్దమునుండి పుట్టిన 'జెంటూ' అను పేరుతోనే ఆంగ్లేయులు మన భాషను చాలకాలము వ్యవహరించిరి. పేరు పెట్టువాడొకడును, దానిని మోయువాడొకడును అయినపుడు చరిత్రరచన ఎట్టి చిక్కులలో పడునో తెలిసికొనుటకు పశ్చిమ మెక్సికో మంచి నిదర్శనము.

మెక్సికో చరిత్ర అనగా అజ్టెకుల చరిత్రయే అనియు, 1521 ఆగస్టు 13వ తేదీన తెనోచ్‌తిత్లాన్ నగరము కోర్తెస్ వశమగుటతో ఆ కథ ముగిసినదనియు సామాన్యముగ తలచుచుందురు. ఆ నగరమునకు పడమట అజ్టెకులకు ఎన్నడును లొంగని రాజ్యమొకటి ఉండెను. దానికి వాయవ్యమున స్పెయినువారిని రెండేండ్లపాటు గడగడలాడించిన గ్రామాధిపతుల కూటమియు, ఇంకను ఎగువ కొండలలో మరి రెండువందల ఏండ్లవరకు లొంగని జాతులును ఉండెను. పురెపెచలు, కష్కానులు, కోరా-విషారికలు అను ఈ మూడు సమూహముల గతులు మూడు విధములైనవి. లొంగినవారు నిలిచిరనియో, ఎదిరించినవారు నిలిచిరనియో ఒక్కమాటలో తేల్చుట సాధ్యము కాదు. ఒక జాతి యుద్ధములోని జయాపజయములు వేరు, ఆ జాతి భాషయు స్మృతియు నిలుచుట వేరు అని చూపుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

1. దేశము, పేర్లు

మేమిచట పశ్చిమ మెక్సికో అనుచున్నది నేటి మిచొవాకాన్, హలిస్కో, కొలీమా, నయారిత్ రాష్ట్రములును, సకతేకాస్ రాష్ట్రపు దక్షిణభాగమును కలిసిన ప్రదేశము. తూర్పునుండి వచ్చు లెర్మా నది చపాలా సరస్సులో కలియును. ఆ సరస్సునుండి వెడలిన సాంతియాగో నది లోతైన లోయలగుండ పారి పసిఫిక్ సముద్రమును చేరును. నదికి దక్షిణమున అగ్నిపర్వతములు, వాని నడుమ సరస్సులు, సారవంతములైన నల్లని నేలలు కలవు. ఉత్తరమున పడమటి సియెర్రామాద్రె పర్వతపంక్తి నిట్టనిలువు లోయలతో నిండియున్నది. ఈ భూస్వరూపమే తరువాతి చరిత్రను చాలవరకు నిర్ణయించినది.

ఈ ప్రాంతపు పేర్లలో పెక్కు ఇతరులు పెట్టినవే. 'మిచొవాకాన్' అనునది అజ్టెకుల నహువాతల్ భాషాపదము. చేపలు కలవారి చోటు అని అర్థము. ఆ రాజ్యపు జనులను స్పెయినువారు 'తరాస్కులు' అనిరి. ఆ ప్రజలు తమ కన్యలను స్పెయినువారికిచ్చి వారిని వరుసపెట్టి 'తరస్క్వె' అని పిలువగా, ఆ చుట్టరికపు పిలుపునే వారు జాతినామముగ గ్రహించిరని 16వ శతాబ్దపు గ్రంథమొకటి చెప్పుచున్నది. ఇట్లు అల్లునిని పిలిచిన పిలుపు అత్తవారి జాతికే పేరైనది! వారు తమకు తాము నేడు చెప్పుకొను పేరు 'పురెపెచ'. పూర్వము అది సామాన్యప్రజను తెలుపు పదము. రాజవంశీయులు 'వాకూసెచ', అనగా గరుడులు, అని వేరుగ చెప్పుకొనిరి. రాజవంశము పోయిన పిదప సామాన్యుల పేరే జాతికంతకు పేరగుట గమనింపదగిన విషయము. 'హుయిచోల్' అని లోకము పిలుచువారు తమను 'విషారిక' అనియు, 'కోరా' అనబడువారు 'నాయెరి' అనియు చెప్పుకొందురు.

2. లిపిలేని కాలము

స్పెయినువారు రాకముందు ఈ ప్రాంతమున లిపి లేదు. కావున ప్రాచీనకాలమునకు భూగర్భమే సాక్షి. క్రీస్తుకు పూర్వము సుమారు 300 మొదలు క్రీస్తు తరువాత 400 వరకు హలిస్కో, నయారిత్, కొలీమా ప్రాంతములలో పెద్దలను కూపసమాధులలో ఉంచెడివారు. బావివలె నిలువుగ త్రవ్వి, అడుగున ప్రక్కకు గదులు తొలిచి, వంశములోనివారిని అందుంచి, బోలు మట్టిబొమ్మలను తోడుగ పెట్టెడివారు. కొలీమా మట్టికుక్కలు లోకప్రసిద్ధములు. ఇండ్లు, విందులు, బంతియాటలు, వాద్యములు, దంపతులు మున్నగునవి ఈ బొమ్మలలో కనబడును.

కాని ఈ బొమ్మలలో అధికభాగము దొంగత్రవ్వకముల వలన బయటపడి, ఏ సమాధిలోనివో తెలియకయే మ్యూజియములకును ధనికుల ఇండ్లకును చేరినవి. చోటు తెలియని వస్తువు సందర్భము తెలియని పద్యమువంటిది. అందమునకు లోటుండదు గాని సాక్ష్యమునకు పనికిరాదు. 1993లో హలిస్కోలోని హుయిత్సిలాపాయందు ఎవరును ముట్టని సమాధి దొరకుటచేత ఆ ఆచారముపై నమ్మదగిన వెలుగు పడినది. అందు రెండు గదులును ఆరుగురి అవశేషములును ఉండెను.

ఆ కాలపువారే తెకీలా అగ్నిపర్వతసమీపమున గ్వాచిమొంతోనెస్ అను చోట గుండ్రని మెట్లతో వేదికలు కట్టి, వాని చుట్టును వలయముగ అరుగులు నిర్మించిరి. మెక్సికోలో ఇతరత్ర కనబడు చతురస్రపు కట్టడములకు ఇది భిన్నము. ఫిల్ వైగాండ్ అను పురాతత్త్వజ్ఞుడు 1970 ప్రాంతమునుండి జరిపిన పరిశీలనలవలన, పశ్చిమప్రాంతము నాగరికతకు అంచున పడియున్న పల్లెసీమయను పాత అభిప్రాయము సడలిపోయినది.

క్రీస్తు తరువాత 7వ శతాబ్దము ప్రాంతమున లోహవిద్య ఇచట ప్రవేశించెను. దక్షిణ అమెరికా తీరమునుండి సముద్రముమీదుగ ఆ విద్య వచ్చినదని పండితుల అభిప్రాయము. ఇచటి కమ్మరులు కత్తులకంటె ముందు మువ్వలను పోతపోసిరి. లోహపు మ్రోతయు రంగును వారికి దైవసంబంధములు. తరువాత రాగికి తగరము కలిపి కంచు చేయుటయు నేర్చిరి. అజ్టెకుల ముట్టడికి నిలిచిన రాజ్యము ఈ లోహవిద్యగల సీమలోనే తలయెత్తినది.

3. పురెపెచ రాజ్యము

పాత్స్‌క్వారో సరస్సు చుట్టును ఉన్న గ్రామములను తరియాకురి అను నాయకుడు కలుపనారంభించెననియు, అతని కుమారుడు హికింగరె, సోదరుల కుమారులు హిరిపన్, తంగాశువాన్ రాజ్యమును విస్తరింపజేసిరనియు వారి సంప్రదాయము. పాత్స్‌క్వారో, ఇవాత్సియో, త్సింత్సున్‌త్సాన్ అను మూడు పీఠములలో చివరిది 15వ శతాబ్దమున ఏకైక రాజధాని అయ్యెను. ఆ పేరు పూలతేనె త్రాగు బుల్లిపిట్టను బట్టి వచ్చినది. పొడవైన తిన్నెపై వరుసగ నిలిచిన ఐదు 'యాకత' వేదికలు ఇప్పటికిని అచట చూడవచ్చును. రాజునకు 'కసొన్సి' అని బిరుదు. రాజ్యదేవత కురికావెరి అగ్నిస్వరూపుడు. ఆలయములలో రేయింబవళ్లు నిప్పు ఆరకుండ కట్టెలు తెచ్చుట రాజు మొదలు సామాన్యుని వరకు అందరికిని పుణ్యకార్యము. అడవియే వారి పూజాద్రవ్యము. ఈ మాట వ్యాసాంతమున మరల జ్ఞప్తికి రావలసియున్నది.

1479 ప్రాంతమున అజ్టెకు రాజు అశయాకత్ల్ ఈ రాజ్యముపై దండెత్తెను. అజ్టెకుల పక్షమున 24,000 మందియు, పురెపెచల పక్షమున 40,000 మందియు యుద్ధము చేసిరని 16వ శతాబ్దపు డొమినికను చరిత్రకారుడు దియేగో దురాన్ వ్రాసెను. ఈ సంఖ్యలనెంతవరకు నమ్మవచ్చుననుట వేరు విషయము. ఆ యుద్ధమున అజ్టెకులు ఘోరముగ ఓడిరనుట మాత్రము ఓడినవారి చరిత్రయే ఒప్పుకొనిన సత్యము. తరువాత తహిమరోవా మున్నగు కోటలతో సరిహద్దు స్థిరపడినది.

ఈ రాజ్యమును గూర్చి మనకు తెలిసినదానిలో సింహభాగము 'రెలసియోన్ దె మిచొవాకాన్' అను స్పానిషు గ్రంథమునుండి వచ్చినది. 1541 ప్రాంతమున ఫ్రాన్సిస్కను సన్న్యాసి యొకడు పురెపెచ వృద్ధులు చెప్పగా విని, తమ భాషలోనికి మార్చి, రాజప్రతినిధి ఆంతోనియో దె మెందోసాకు సమర్పించెను. ఆ సన్న్యాసి హెరోనిమో దె అల్కలా యని పరిశోధకుల నిర్ణయము. 44 చిత్రములు గల ఆ వ్రాతప్రతి స్పెయినులోని ఎస్కోరియల్ గ్రంథాలయమున ఉన్నది. గ్రంథము మూడు భాగములు. దేవతలను, ఉత్సవములను గూర్చిన మొదటి భాగమున ఒక్క పత్రము తప్ప తక్కినదంతయు నష్టమైనది. రెండవభాగము వంశచరిత్ర. ఏటేట దోషులకు తీర్పుచెప్పు పండుగనాడు 'పెతాముతి' అను ప్రధానార్చకుడు సభలో నిలిచి పూర్వరాజుల కథను దినమంతయు చెప్పెడివాడు. అదే రోజున రాజ్యములోని ఇతర గ్రామములందును చిన్న అర్చకులు ఆ కథనే చెప్పెడివారు. న్యాయమునకు పీఠికగ చరిత్రను వినిపించుట ఆ జాతి సంప్రదాయము. లిపి లేనంత మాత్రమున చరిత్ర లేదనువారికి ఇది చక్కని సమాధానము.

4. రాజు మరణము - రెండు సాక్ష్యములు

తెనోచ్‌తిత్లాన్ ముట్టడికి గురియైనపుడు అజ్టెకులు పాత వైరము మరచి పురెపెచ రాజు సువాంగాకు దూతలనంపి సాయము వేడిరి. ఈలోగా, 1520లో, స్పెయినువారికంటె ముందుగ మశూచి మిచొవాకాన్ చేరినది. సువాంగా దానికి బలియయ్యెను. కుమారుడు త్సింత్సిచా తంగాశువాన్ సింహాసనమెక్కెను. మరల వచ్చిన అజ్టెకు దూతలు తమ సందేశము పెద్దరాజునకని చెప్పగా, అట్లయిన ఆయనయున్న చోటికే పోయి చెప్పుడని వారిని బలియిచ్చిరని రెలసియోన్ కథనము. సాయము అందలేదు. నగరము కూలినది. 1522లో క్రిస్తోబల్ దె ఓలిద్ సేనతో త్సింత్సున్‌త్సాన్ ప్రవేశించినపుడు యుద్ధము జరుగలేదు.

రాజు ఏల యుద్ధము చేయలేదు? పిరికితనము వలననే యని వ్రాసినవారు కలరు. మేము ఈ తీర్పును అంగీకరింపజాలము. ఈ ఘట్టమునకు మూలము రెలసియోన్ మూడవభాగము. దానికి ముఖ్యమైన ఆధారము దోన్ పెద్రో క్వినియెరాంగరి అనువాని నోటిమాట. ఇతడు రాజసభలోనివాడు, రాజుచే తమ్మునివలె చూడబడినవాడు, స్పెయినువారి కాలమున ఆ సీమకు దేశీయ గవర్నరైనవాడు. తిమాస్ అను ప్రముఖుడు రాజును సరస్సులో మునిగి ప్రాణము విడువుమని ప్రేరేపించెననియు, తాను వలదని రక్షించితిననియు ఇతడు చెప్పెను. ఆ తిమాస్ తరువాత హతుడైనది ఇతని చేతిలోనే. చచ్చినవాడు తన పక్షము చెప్పుకొనలేదు. బ్రతికి పదవినందినవాడు చెప్పినది గ్రంథమైనది. కావున లొంగుబాటు కథను చదువునపుడు చెప్పినవాని కుర్చీని కూడ చూడవలెను. మశూచి, పెద్దరాజు మరణము, సింహాసనముకొరకు సోదరుల వధ, అజేయమనుకొనిన తెనోచ్‌తిత్లాన్ పతనము - రెండేండ్లలో ఇన్ని జరిగిన రాజ్యమున యువకుడైన రాజు కాలమును కొనజూచెననుటయే యుక్తము.

ఆ కొనిన కాలము ఎనిమిదేండ్లు మాత్రమే. అతడు జ్ఞానస్నానము పొంది దోన్ ఫ్రాన్సిస్కో అయ్యెను. సన్న్యాసులను పిలిపించెను. బంగారము ఇచ్చెను. 1529 చివర నూన్యో దె గుజ్మాన్ పశ్చిమదిగ్విజయమునకు బయలుదేరి, దారిలో ఇంకను బంగారము కావలెనని అతనిని బంధించి హింసించెను. 1530 ఫిబ్రవరి 14వ తేదీన నదీతీరపు విడిదిలో అతనిని ఈడ్పించి, గొంతు బిగించి చంపించి, దేహమును కాల్పించి, బూడిదను నదిలో కలిపించెను.

ఈ మరణమునకు రెండు సాక్ష్యములున్నవి. ఒకటి గుజ్మాన్ జరిపిన విచారణ యొక్క రికార్డు. దానిని ఫ్రాన్స్ షోల్స్, ఎలినార్ ఆడమ్స్ అను పండితులు 1952లో ప్రకటించిరి. అందు స్పెయినువారిని చంపించుట, విగ్రహారాధన, రావలసిన సొమ్ము దాచుట మున్నగు నేరములు రుజువైనట్లున్నది. నేరము మోపిన ఫ్రాన్సిస్కో దె విల్యేగస్ ఉరువాపాన్ గ్రామముల పన్నును, చాకిరిని అనుభవించు హక్కు పొందినవాడు. రెండవది రెలసియోన్, దాని ప్రకారము బంగారముకొరకు చేసిన హత్య ఇది. మొదటిదానిలో ప్రమాణములు, సంతకములు, తేదీలు అన్నియు సక్రమముగ ఉన్నవి. రెండవదానిలో బూడిదలో కొంత సేవకులు సేకరించి పాత్స్‌క్వారోలో పూడ్చిరను మాట ఉన్నది. పత్రము సక్రమముగ ఉన్నంతమాత్రమున న్యాయము సక్రమము కాదని పరిశోధకవిద్యార్థులు జ్ఞాపకముంచుకొనదగిన తావు ఇది. లొంగినవారు సురక్షితులను సూత్రమును ఈ ఒక్క మరణమే పూర్వపక్షము చేయుచున్నది.

5. గ్రామము, వ్యాకరణము

రాజు పోయెను; రాజ్యము పోయెను; జాతి మాత్రము నిలిచినది. ఇందుకు రెండు కారణములు మాకు తోచుచున్నవి. మొదటిది, పురెపెచలు సరస్సుతీరపు తమ గ్రామములనుండియు, కొండనేలలనుండియు మొత్తముగ వెడలగొట్టబడలేదు. 1531లో న్యాయాధికారిగ మెక్సికో చేరిన వాస్కో దె కిరోగ, 1535లో ఆదిమజాతులను బానిసలుగ అమ్ముటను ఖండించుచు విపులమైన వాదగ్రంథము వ్రాసెను. తామస్ మోర్ రచించిన యుటోపియా నాదర్శముగ గ్రహించి 1533లో పాత్స్‌క్వారో సరస్సుతీరమున సాంతా ఫె అను గ్రామమును స్థాపించెను. ఉమ్మడి సేద్యము, రోజునకు ఆరుగంటల పని, రోగులకు ఆశ్రయము అచటి నియమములు. తరువాత అతడు మిచొవాకాన్ బిషప్పై 1565లో మరణించువరకు ఈ పని సాగించెను. అతనిని దేవతను చేయనక్కరలేదు. అతడును జయించినవారి మతమును నాటుటకు వచ్చినవాడే. అయినను గ్రామమునకు చట్టబద్ధమైన రక్షణ కొంత కలుగుట అతని వలన జరిగినది.

రెండవ కారణము మన విభాగమువారికి మిక్కిలి ఆసక్తికరము. ఫ్రాన్సు దేశమున జన్మించిన మతురీనో హిల్బెర్తి అను ఫ్రాన్సిస్కను సన్న్యాసి 1558లో పురెపెచ భాషకు వ్యాకరణమును, 1559లో నిఘంటువును ముద్రింపించెను. అజ్టెకుల నహువాతల్ భాషకు ఓల్మోస్ 1547లో వ్యాకరణము వ్రాసినను, అది 19వ శతాబ్దము వరకు వ్రాతప్రతిగనే ఉండెను. మొలీనా నహువాతల్ వ్యాకరణము అచ్చైనది 1571లో. అనగా సామ్రాజ్యపు భాషకంటె ముందుగ దాని శత్రువుల భాషకు ముద్రితవ్యాకరణము లభించినది. హిల్బెర్తి వ్రాసిన మతసంవాదగ్రంథమును కిరోగయే ఆక్షేపించి వ్యాప్తికి రాకుండ ఆపించెను. ఆ జాతికి మేలుచేసినవారని మనము చెప్పుకొను ఇద్దరును ఒకరితోనొకరు వ్యాజ్యెమాడుకొనిరి.

పురెపెచకు ప్రపంచములో జ్ఞాతిభాష ఇంతవరకు నిర్ణయింపబడలేదు. ధాతువునకు వెనుక ప్రత్యయముల మీద ప్రత్యయములు చేర్చుటయే దాని స్వభావము. ముందు చేరు ప్రత్యయములు లేవు. ఇది విని మన భాషతో చుట్టరికము కల్పింప ఉత్సాహపడువారు ఉండవచ్చును. నిర్మాణసామ్యము బంధుత్వము కాదని మాత్రము చెప్పి విరమించుచున్నాము.

6. కష్కానుల గతి

గుజ్మాన్ సేనలు మిచొవాకాన్ దాటి 1530-31లో సకతేకాస్ దక్షిణపు లోయలలోనికిని, హలిస్కో, నయారిత్‌లలోనికిని పోయెను; జయించిన సీమకు నూతన గలీసియా యను పేరు వచ్చెను. నొచిస్త్లాన్, హుచిపిలా లోయలలో కష్కానులు నివసించిరి. వారి భాష నహువాతల్‌కు దగ్గరిది. వారికి మహారాజు లేడు, గ్రామగ్రామమున అధిపతులుండిరి. గ్రామములు స్పెయినువారికి పంచిపెట్టబడెను. మనుష్యులు ముద్రలువేయబడి బానిసలుగ అమ్మబడిరి. 1540 ఫిబ్రవరిలో కొరొనాదో ఉత్తరదేశముల అన్వేషణకు చాలమంది సైనికులను తీసికొనిపోగా, ఆ సీమ బలహీనమయ్యెను. నొచిస్త్లాన్ అధిపతి తెనమాస్త్లె మున్నగువారి నాయకత్వమున కష్కానులు నిటారుగ లేచిన కొండకొమ్ములపై కోటలు కట్టుకొని తిరుగబడిరి. మిష్తోన్ కొండపేరనే ఈ యుద్ధము ప్రసిద్ధము.

గ్వాతెమాలాను జయించిన ప్రసిద్ధ యోధుడు పెద్రో దె అల్వరాదో 1541 జూన్‌లో నొచిస్త్లాన్ కొండపై దాడిచేసి వెనుదిరుగుచు, జారిపడిన గుఱ్ఱముక్రింద నలిగి, కొన్ని దినములకు మరణించెను. తుదకు రాజప్రతినిధి మెందోసా స్వయముగ కదలవలసివచ్చెను. అతని వెంట నడచినది కొన్నివందల స్పెయినువారు. కాని అజ్టెకులు, త్లష్కాలులు, పురెపెచలు మున్నగు దేశీయ సైనికులు 30,000కు తక్కువ కారందురు. వీరి నాయకులకు గుఱ్ఱమెక్కుటకును, స్పానిషు ఆయుధములు ధరించుటకును అనుమతి నీయబడెను. కష్కానులను ఓడించినది స్పెయిన్ ఒక్కటే కాదనుట చేదైన సత్యము. 1541 డిసెంబరున మిష్తోన్ కూలినది. పురెపెచల స్మృతిని గ్రంథరూపమున కానుకగ అందుకొనిన చేయియే కష్కానుల కొండలను పడగొట్టినది. రెండును ఇంచుమించు ఒక్క ఏడాదిలోనివి. యుద్ధభయముచేత చోటు మారుచువచ్చిన గ్వాదలహార పట్టణము 1542 ఫిబ్రవరి 14వ తేదీన నాలుగవ చోట, ఇప్పటి స్థలమున, స్థాపితమయ్యెను. కసొన్సి దహనమునకు సరిగా పండ్రెండేండ్లు నిండిన దినమది.

తెనమాస్త్లె పట్టుబడి, తప్పించుకొని, కొండలలో సుమారు తొమ్మిదేండ్లు తిరిగి, 1551లో లొంగెను. 1552లో అతనిని స్పెయినునకు పంపిరి. 1555లో వయ్యదోలిద్ నగరమున బర్తొలోమె దె లాస్ కాసాస్ సాయముతో అతడు విన్నపము పెట్టెను. తమవారు చేసినది తిరుగుబాటు కాదనియు, క్రౌర్యమునుండి పారిపోవుటయు ప్రాణరక్షణకై ఎదిరించుటయు మాత్రమేననియు, తమ భూములు తమకీయవలెననియు అందలి సారాంశము. 'తిరుగుబాటు' అను పదమునే ప్రశ్నించిన ఆ వాదము ఎంతయు నూతనమైనది. ఆ పిదప కొలదికాలములో అతని పేరు పత్రములనుండి మాయమగుచున్నది.

1546లో సకతేకాస్‌యందు వెండిగనులు బయటపడుటతో కష్కానుల సీమ గనులదారిగ మారినది. 1550 మొదలు 1590 వరకు ఉత్తరపు సంచారజాతులతో నడచిన చిచిమేక యుద్ధమున కష్కానులే స్పెయిన్ పక్షమున పోరాడవలసివచ్చెను. యుద్ధాంతమున 1591లో 400 త్లష్కాల కుటుంబములను ఆ సరిహద్దులకు తెచ్చి నిలిపిరి. 1545లోను, 1576లోను వచ్చిన మహామారులు మిగిలిన ఊళ్లను పలుచనచేసెను. కలిసిన జనములనడుమ స్పానిషుభాషయే వాడుకయైనది. కష్కాను భాషకు హిల్బెర్తివంటివాడు దొరకలేదు. నేడు దానిని మాటలాడువారు లేరు. వారు యుద్ధముచేసినందున నశించిరనుట సరికాదు. వారి నేల వెండిదారిపై ఉండుటయు, జనము కలచబడుటయు, భాష నమోదు కాకుండుటయు కలిసి ఆ పని చేసినవి.

7. కొండలలోనివారు

కోరాలు సియెర్రామాద్రెలోని ఎత్తైన బల్లపీటవంటి కొండపై తమ సూర్యదేవతకును, పూర్వరాజు నయారిత్ యొక్క ఎండిన దేహమునకును పూజచేయుచు స్వతంత్రులై ఉండిరి. సముద్రతీరపు ఉప్పు వారి ముఖ్యవ్యాపారము. ఆ దారులు మూయబడగా 1721లో వారి 'తొనాతి', అనగా పెద్ద, మెక్సికో నగరమునకు పోయి రాజప్రతినిధితో సంధికి యత్నించెను. అది ఫలింపలేదు. 1722 జనవరిలో ఆ కొండ పట్టుబడెను. నయారిత్ దేహమును మెక్సికో నగరమునకు కొనిపోయి 1723లో బహిరంగముగ దహించిరి. తెనోచ్‌తిత్లాన్ కూలిన రెండువందల ఏండ్లకు పశ్చిమదేశపు ఈ చివరికోట కూలినది. జెసూటు గురువులు అచట ఉన్నది 45 ఏండ్లు. 1767లో స్పెయిన్ రాజే వారిని వెడలగొట్టెను. వారు నేర్పిన క్రీస్తు పవిత్రవారోత్సవమును కోరాలు తమ ఋతుచక్రమునకును, తమ దేవతలకును అనుకూలముగ మార్చుకొని నేటికిని జరుపుచున్నారు.

వారి పొరుగువారైన విషారికలు కొలొత్లాన్ సరిహద్దున విలుకాండ్రుగ కొలువుచేసి పన్నుల మినహాయింపు పొందిరి. స్వతంత్ర మెక్సికోలో 1856 నాటి చట్టము ఉమ్మడిభూములను విడగొట్టుటకు పూనుకొనగా రెండవ విజయము ఆరంభమైనదనవచ్చును. మాన్యుయెల్ లొసాదా నాయకత్వమున కోరా, విషారికలు భూములకొరకు పోరాడిరి; 1873లో అతడు కాల్చిచంపబడెను. 1890-1900 నడుమ కార్ల్ లుమ్‌హోల్త్స్ వారి కళను, ఆచారములను వర్ణించెను. కోన్రాడ్ ప్రాయిస్ 1905-07లో వారి నడుమ నివసించి కోరాల పాటలను కథలను మూలభాషలోనే వ్రాసికొని 1912లో ప్రకటించెను. విషారికలు నేటికిని తమ కొండలనుండి నాలుగువందల కిలోమీటర్లకు పైగా దూరమున ఉన్న విరికుతా ఎడారికి యాత్రచేయుదురు. పవిత్రస్థలములను కలుపు ఆ మార్గమును 2025లో యునెస్కో ప్రపంచవారసత్వముగ గుర్తించినది.

8. ఉపసంహారము

2020 జనాభా లెక్కలలో పురెపెచ మాటలాడువారు 1,40,000కు పైగాను, విషారిక మాటలాడువారు సుమారు 60,000, కోరా మాటలాడువారు సుమారు 33,000 మందియు తేలిరి. కష్కానుల పంక్తి శూన్యము. యుద్ధము చేయని పురెపెచలు నిలిచిరి. రెండు శతాబ్దములు ఎదిరించిన కోరాలును నిలిచిరి. కావున ఎదిరించుట, లొంగుట అనునవి నిర్ణాయకములు కావు. సొంతనేలపై కలిసియుండగలిగిన గ్రామము, ఆ గ్రామమున ఏటేట మరల చెప్పుకొను కథ, మరల చేసికొను పండుగ - ఇవి ఉన్నచోట భాష నిలిచినది. ఇవి చెదరినచోట వీరత్వము సయితము భాషను కాపాడలేకపోయినది. వ్యాకరణము ఒక్కటే భాషను బ్రతికింపదు. కోరాలకు కొండలే వ్యాకరణము చేయలేని పనిని చేసిపెట్టెను. అయినను, చెదరిన జాతికి వ్యాకరణమొకటి ఉండియుండిన నేడు మనము కష్కానులు ఎట్లు మాటలాడిరో కొంతయైన వినియుందుము.

పురెపెచ గ్రామమైన చెరాన్‌లో 2011 ఏప్రిల్ 15వ తేదీన స్త్రీలు ముందునిలిచి, తమ అడవిని నరికి తరలించుచున్న దొంగల బండ్లను అడ్డగించిరి. వీథివీథిని నెగళ్లు వేసికొని కావలికాసిరి. ఆ ఏడాది నవంబరున ఎన్నికల న్యాయస్థానము తమ ఆచారము ననుసరించి పాలకులను ఎన్నుకొను హక్కును వారికి గుర్తించెను. కురికావెరి నిప్పుకు కట్టెలు మోసిన పూర్వులను వారు ఆనాడు తలచుకొనిరో లేదో మేము చెప్పజాలము. అడవిని కాచుట, నిప్పు చుట్టును కూడుట, కూడినచోట న్యాయము నిర్ణయించుకొనుట మాత్రము రెలసియోన్ పుటలలో మనము చదివినవే. పత్రములలో తీర్పు వ్రాయబడిన జాతి చరిత్ర పత్రములతోనే ముగియదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.